పురుటి ప్రణాళికలో రెండో కాగితం: హైదరాబాద్‌లో ఒక మిడ్‌వైఫ్ కేంద్రంతో మా అనుభవం

మా అమ్మాయికిది తొలికాన్పు. ఆనవాయితీ ప్రకారమైతే ఏడో నెలలో సీమంతం చేసి మిర్యాలగూడకు తీసుకువెళ్ళి అక్కడే పురుడు పోయించవలసినదాన్ని, అమ్మాయి పట్టుదల వల్ల నేనే మూటాముల్లె సర్దుకుని అత్తాపూర్‌లోని వాళ్ళ అపార్ట్‌మెంటుకు వచ్చి నాలుగు నెలలు ఉండిపోయాను. వైద్యుల జోక్యం తప్పనిసరైతే తప్ప లేకుండా, మిడ్‌వైఫ్‌లే ముందుండి కాన్పు చేసే ఒక చిన్న కేంద్రాన్ని అమ్మాయి, అల్లుడు కలిసి ఎంచుకున్నారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. బాగున్నవాటితో పాటు బాగోలేనివి కూడా చెప్పదలచుకున్నాను. ఒక్క ఇంటి కాన్పును చూసి ఒక సంస్థకు ముద్ర వేయడం ఉచితం కాదని నా అభిప్రాయం. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కనుక కాగితాలను పట్టిపట్టి చదివే అలవాటు నాకు ఉంది. ఈ సమీక్షలో సగం ఆ కాగితాల గురించే ఉండడానికి కారణం అదే.

ఇక్కడికి ముందు వాళ్ళు ఇంటికి దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళేవారు. గంటన్నర కూర్చోబెట్టి అయిదు నిమిషాలు చూడడం, అడిగిన ప్రశ్నకు 'అవన్నీ మేము చూసుకుంటాం' అనడం అక్కడి పద్ధతి. ఆరో నెలలోనే రిసెప్షన్‌లోని అమ్మాయి 'ముహూర్తం ఏమైనా చూసుకుంటారా మేడమ్' అని అడగడంతో మా అమ్మాయికి గుబులు పట్టుకుంది. అది అకారణమైన గుబులు కూడా కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 21.5 మాత్రమే. మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీసుకుంటే అది 81.5. ఆపరేషన్ అంటే నాకు ద్వేషమేమీ లేదు, మా తోడికోడలినీ ఆమె బిడ్డనూ బతికించింది ఆపరేషనే. కానీ అయిదుగురు తల్లుల్లో నలుగురికి అది అవసరమైందంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు.

మిడ్‌వైఫ్ అనే మాట వినగానే నాకు మా ఊరి మంత్రసాని గుర్తుకు వచ్చింది. నన్ను కన్నప్పుడు మా అమ్మకు పురుడు పోసింది ఆవిడే. చేతివాటం మంచిదే కానీ, రక్తం ఆగకపోతే ఆవిడ దగ్గర ఉన్న మందు దేవుడికి మొక్కడమే. ఈ మిడ్‌వైఫ్‌లు ఆ కోవకు చెందినవారు కారని, నర్సింగ్ చదివి, రిజిస్టరై, ఆపైన కాన్పుల్లో ప్రత్యేక శిక్షణ పొందినవారని తెలుసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు ఇటువంటి శిక్షణను ప్రారంభించింది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ కాలం 18 నెలలు. మేము వెళ్ళిన కేంద్రంలో ప్రతి కాన్పుకూ ఇద్దరు మిడ్‌వైఫ్‌లు ఉంటారు, పిలిస్తే వచ్చే ప్రసూతి వైద్యురాలు ఒకరు ఉన్నారు, ఆపరేషన్ థియేటర్ కోసం ఒక పెద్ద ఆసుపత్రితో ఒప్పందం ఉంది. ఆ ఒప్పందం కాగితాన్ని చూపించమని నేను అడిగాను. అల్లుడు కాస్త ఇబ్బందిపడ్డాడు కానీ, వాళ్ళు ఏమీ అనుకోకుండా చూపించారు.

మొదటి సందర్శన గంటా ఇరవై నిమిషాలు సాగింది. మాకు కేటాయించిన మిడ్‌వైఫ్ కేరళ నుంచి వచ్చి చాలాకాలంగా హైదరాబాద్‌లో స్థిరపడినావిడ. ఆమె తెలుగులో అక్కడక్కడా ఉర్దూ దొర్లుతుంది. అమ్మాయి చెప్పేది పూర్తిగా విన్న తరువాతనే కలం పట్టింది. ఈ కేంద్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, అందరినీ చేర్చుకోకపోవడం. కవలలు ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, మాయ కిందికి ఉన్నా, రక్తపోటు అదుపులో లేకపోయినా, ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం ఉన్నా ఇక్కడ కాన్పు చేయరు. 37 వారాలు నిండకముందు నొప్పులు వచ్చినా ఆసుపత్రికే పంపుతారు. మేము కూర్చుని ఉండగానే, మొదటి కాన్పు ఆపరేషన్ అయిన ఒక అమ్మాయికి 'మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు, కానీ ఇక్కడ కాదు, థియేటర్ ఉన్నచోట' అని స్పష్టంగా చెప్పి పంపారు. మా అమ్మాయికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసిన పరీక్ష బాగానే వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8 ఉండడంతో, అది 11కు చేరేదాకా పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచారు. ఇనుము మాత్రలను కాఫీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్న సలహాను మా ఇంట్లో తు.చ. తప్పకుండా పాటించారు, కాఫీ మానలేక నానా తంటాలు పడింది నేను.

ఇక ప్రణాళిక సంగతి. ముప్పై నాలుగో వారంలో 'బర్త్ ప్లాన్' పేరుతో రెండు పేజీల పత్రం ఇచ్చారు. మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. హైదరాబాద్‌లో తెలుగువాళ్ళు కానీ ఉర్దూవాళ్ళు కానీ సంతకం పెట్టవలసిన కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉండడం ఈ కేంద్రం మీద నా మొదటి ఫిర్యాదు. నొప్పుల సమయంలో పక్కన ఉండబోయేది నేను. అందులో ఏముందో నాకు అర్థం కాకపోతే నేను ఉండి ప్రయోజనమేమిటి? అందుకని భోజనాల బల్ల దగ్గర కూర్చుని నేను, అమ్మాయి మూడు సాయంత్రాలపాటు ఆ పత్రాన్ని తెలుగులోకి దించాము. ఆ పని చేస్తున్నప్పుడే అందులోని డొల్లతనం బయటపడింది. 'అవసరమైతే సూది ఇవ్వబడును', 'అవసరమైతే ఆసుపత్రికి మార్చబడును' అని వరసగా రాసుకుంటూ పోతుంటే, అవసరమని తేల్చేది ఎవరు, ఏ గుర్తును బట్టి, ఎంతసేపు చూసి అనే ప్రశ్నలకు ఆ పత్రంలో ఎక్కడా సమాధానం లేదు. వాక్యంలో కర్త లోపించిందని పిల్లలకు ఎర్రసిరాతో రాసినట్లే రాసి, ఆ పత్రాన్ని మిడ్‌వైఫ్ ముందు పెట్టాను. ఆమె నవ్వి, 'ఆంటీ, మీరు కూర్చోండి, ఒక్కొక్కటీ చూద్దాం' అంది. ఆ రోజు మరో గంట పట్టింది.

అలా తిరగరాసిన ప్రణాళికలో తేలినవి ఇవి. నొప్పులు మొదలైన తరువాత గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా అసలు కాన్పు మొదలైనట్లు లెక్క కాదు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిన లెక్క. కనుక అప్పటిదాకా తొందరపెట్టే మందులు ఉండవు. ఆ తరువాత బిడ్డ గుండె చప్పుడును చేతిలో ఇమిడే డాప్లర్‌తో 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి, ముక్కే దశలో 5 నిమిషాలకు ఒకసారి వింటారు. లోపలి పరీక్ష నాలుగు గంటలకు ఒకసారికి మించి, కారణం చెప్పకుండా చేయరు. అలవాటుగా కోత పెట్టరు; పెట్టవలసివస్తే ముందు చెప్పి, ఒప్పుకున్న తరువాతనే పెడతారు. నడవవచ్చు, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోవచ్చు, పలుచని రాగిజావ, మజ్జిగ, ఖర్జూరం తీసుకోవచ్చు. ఖాళీ కడుపుతో పన్నెండు గంటలు నొప్పులు పడిన నాకు ఈ చివరి వాక్యం చదివినప్పుడు కాస్త అసూయ కలిగిన మాట నిజం.

బిడ్డ పుట్టిన తరువాతి భాగంలో ఒకచోట అమ్మాయికీ మిడ్‌వైఫ్‌కూ అభిప్రాయభేదం వచ్చింది. బిడ్డ బయటపడగానే తల్లి తొడకు వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది కూడా వద్దని, అంతా సహజంగా జరగాలని అమ్మాయి మొదట రాసింది. మిడ్‌వైఫ్ వాదించలేదు. ఒక కొలపాత్ర తెచ్చి, అందులో అరలీటరు ఎర్రరంగు నీళ్ళు పోసి, ఆ నీళ్ళను ఒక మెత్త మీద ఒలికించి చూపించింది. 'ఇంత పోతే దాన్ని ఎక్కువ రక్తస్రావం అంటాం. చూడడానికి తక్కువగానే కనిపిస్తుంది కదా? ఈ సూది దీన్ని ఆపడానికే' అంది. అమ్మాయి ఆ వాక్యాన్ని కొట్టేసింది. తక్కువ జోక్యం అంటే జోక్యాలన్నిటినీ నిరాకరించడం కాదని, దేనికి పని ఉందో దేనికి లేదో విడదీసి చూడడమని నాకు అప్పుడే అర్థమైంది. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషమైనా ఆగి కోయడం, బిడ్డను వెంటనే తల్లి రొమ్ము మీద పడుకోబెట్టడం, గంటలోపు ముర్రుపాలు పట్టించడం, బిడ్డకు విటమిన్ కె సూది వేయించడం, వీటిలో ఎవరికీ పేచీ లేదు.

అసలు పేచీ వచ్చింది ఆసుపత్రికి మార్చే విషయంలో. రెండు పేజీల పత్రంలో దానికి కేటాయించినది ఒకే ఒక్క వాక్యం. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులోకి ఇచ్చే మత్తుమందు) కావాలన్నా, ఆపరేషన్ కావలసివచ్చినా మారక తప్పదు కదా. మరి ఆ దారి ఎంతసేపు? అల్లుడు, నేను కారులో రెండుసార్లు ఆ కేంద్రం నుంచి ఒప్పందం ఉన్న ఆసుపత్రికి గడియారం పెట్టుకుని వెళ్ళి చూశాము. తెల్లవారుజామున అయిదింటికి 9 నిమిషాలు పట్టింది. సాయంత్రం ఏడింటికి, మెట్రో పిల్లర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోగా, 26 నిమిషాలు. ఆ సంఖ్యలు చెప్పినప్పుడు మిడ్‌వైఫ్ తేలికగా తీసుకోలేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిలోపు అనుమానం వస్తే మామూలుకంటే ముందుగానే బయలుదేరదామని తానే రాసింది. బిడ్డ గుండె వేగం తప్పడం, ఉమ్మనీరు పచ్చబడడం, నాలుగు గంటలైనా ముఖద్వారం ముందుకు తెరుచుకోకపోవడం, జ్వరం, రక్తపోటు, రక్తస్రావం, లేదా నొప్పి భరించలేనని తల్లి స్వయంగా అడగడం: ఇవన్నీ విడిగా ఒక కాగితం మీద చేరాయి. ఆసుపత్రిలో కూడా అమలు కాగల కోరికలు ఏవో అదే కాగితం కింది భాగంలో రాశాము. మా ఇంట్లో దానికి 'రెండో కాగితం' అనే పేరు స్థిరపడింది.

ఇంత నిదానంగా ఆలోచించే మిడ్‌వైఫ్ ఉన్న చోటనే, నాలుగు ఆదివారాలు జరిగిన ప్రసూతి తరగతులు మాత్రం నాకు ఏమాత్రం నచ్చలేదు. వ్యాయామాలు, శ్వాస, భర్త నడుము ఎలా నొక్కాలి వంటివి బాగానే ఉన్నాయి. కానీ ఆ తరగతులు చెప్పిన ఆవిడ మాటతీరులో ఆసుపత్రి అంటే శత్రుస్థానం, ఎపిడ్యూరల్ అంటే ఓటమి. 'మీ శరీరాన్ని మీరు నమ్మితే చాలు' అని ఆమె పదే పదే అనేది. నమ్మకంతో పనయ్యేటట్లయితే మా అమ్మమ్మ తరంలో పురిట్లో చనిపోయినవాళ్ళంతా అవిశ్వాసులేనా అని అడగాలనిపించింది, అల్లుడి ముఖం చూసి ఊరుకున్నాను. ఆ మాటల ఫలితం ఏమిటో కాన్పు రోజున తెలిసింది.

మధ్యలో మా వియ్యపురాలు గారు కరీమాబాద్ నుంచి ఫోన్ చేసి, 'వదినగారూ, నక్షత్రం బాగున్న రోజు ఒకటి ఉంది, డాక్టరుతో మాట్లాడి చూడరాదా' అన్నారు. కేంద్రంవారు ఆమెను కూడా ఒకరోజు వీడియోలో కూర్చోబెట్టి, నొప్పులు రాకముందు కాన్పు చేయరని గౌరవంగా చెప్పారు. ఆ తరువాత ఆ ప్రస్తావన రాలేదు.

ముప్పై తొమ్మిదో వారం నిండాక, ఒక రాత్రి పదకొండింటికి ఉమ్మనీరు పోయింది. అంతకు ముందు రెండుసార్లు దొంగ నొప్పులు వచ్చి వెళ్ళాయి కనుక నేను నమ్మలేదు. ఫోన్ చేస్తే రెండో రింగుకే మిడ్‌వైఫ్ ఎత్తి, నీరు ఏ రంగులో ఉంది, వాసన ఉందా, బిడ్డ కదులుతోందా అని అడిగి, ఆ ప్యాడ్‌ను పారేయకుండా తెమ్మంది. తెల్లవారుజామున నాలుగున్నరకు కేంద్రానికి చేరేసరికి 4 సెంటీమీటర్లు. గదిలో లైటు తగ్గించి, నేల మీద మందపాటి పరుపు వేసి, ఎవరూ హడావుడి పడకుండా ఉన్నారు. ఎనిమిదిన్నరకు 7 సెంటీమీటర్లు. మధ్యాహ్నంలోపు మనవడో మనవరాలో వచ్చేస్తారని నేను లెక్క కట్టాను. పన్నెండున్నరకు చూస్తే మళ్ళీ ఏడే. బిడ్డ తల కిందికే ఉన్నా, ముఖం తల్లి వెన్నువైపు కాక పొట్టవైపుకు తిరిగి ఉందని, అందుకే నడుము అంతగా చీల్చేస్తోందని చెప్పారు. మోకాళ్ళ మీద వంగోబెట్టారు, మెట్లు ఎక్కించారు, నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టారు. రెండు గంటలు గడిచినా అదే ఏడు. బిడ్డ గుండె చప్పుడు మాత్రం నిబ్బరంగా ఉంది.

అప్పుడు మిడ్‌వైఫ్ పరుపు పక్కన నేల మీద కూర్చుని, అమ్మాయి చెయ్యి పట్టుకుని, 'రెండో కాగితం తీద్దామా?' అంది. అమ్మాయి బావురుమంది. నొప్పికి కాదు, 'నావల్ల కాలేదమ్మా' అని నాతో అంది. తరగతుల్లో విన్న మాటలే అవి. దాదాపు పదహారు గంటలుగా నిద్ర లేకుండా ఉన్న పిల్ల చేత ఆ మాట అనిపించిన బోధనను నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. మిడ్‌వైఫ్ మాత్రం ఒకే మాట చెప్పింది: 'ఇది మీరే రాశారు కదా. రాసినట్టే జరుగుతోంది.'

మధ్యాహ్నం మూడింటికి అంబులెన్సులో బయలుదేరితే 16 నిమిషాలు పట్టింది. మిడ్‌వైఫ్ వెంట వచ్చి కాన్పు అయ్యేదాకా ఉంది. అక్కడ ఎపిడ్యూరల్, నొప్పులు పెంచే డ్రిప్, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటబోతున్నందువల్ల యాంటీబయాటిక్ ఇచ్చారు. అవి ఇచ్చినప్పుడు బిడ్డ గుండెను అప్పుడప్పుడూ వింటే చాలదు కనుక పొట్టకు బెల్టు కట్టి మిషను పెట్టారు. ఎందుకో ముందే వివరించడంతో అమ్మాయి కాదనలేదు. ఒక గంట నిద్రపోయింది కూడా. రాత్రి ఎనిమిదీ పదికి నీళ్ళాడింది. ఆడపిల్ల, 3.1 కిలోలు. ఆపరేషన్ లేదు, కోత లేదు, కొంచెం చీరుకుపోతే కుట్లు వేశారు. తాడు ఆగి కోశారు, పిల్లను తల్లి రొమ్ము మీదే ఉంచారు. అయితే ఆ ఆసుపత్రి డ్యూటీ నర్సుకు మా ప్రణాళిక ప్రతి అందనేలేదు. ఫైలులో పంపామని కేంద్రంవారు అన్నారు, రాలేదని వీళ్ళు అన్నారు. పిల్లను తుడవడానికి పక్క బల్ల మీదకు తీసుకుపోబోతుంటే, నా చేతి సంచిలో ఉన్న నకలు తీసి చూపించాను. అందుచేత ఎవరైనా ఇటువంటి ప్రణాళిక రాసుకుంటే మూడు నకళ్ళు తీయించి ఒకటి తోడుగా వెళ్ళేవారి దగ్గర ఉంచడం మంచిది.

డబ్బు విషయం చేదుగానే ఉంది. కేంద్రం ప్యాకేజీ లక్షన్నరకు కొంచెం తక్కువ. ఆసుపత్రికి మారితే కాన్పు గది రుసుము తిరిగి ఇస్తారని మేము అనుకున్నాము. నొప్పులు మొదలై లోపలికి చేరిన తరువాత ఏమీ తిరిగిరాదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఆసుపత్రి బిల్లు దానికి అదనం. పదిన్నర గంటలసేపు రాత్రీ పగలూ అనకుండా సేవ చేసినవారి కష్టానికి డబ్బు ఇవ్వడం నాకు సమ్మతమే, కానీ ఆ మాటను ముప్పై నాలుగో వారంలోనే నోటితో చెప్పి ఉండవలసింది. బీమా కంపెనీ ఆసుపత్రి బిల్లును పరిమితి మేరకు చెల్లించింది. కేంద్రం బిల్లుకు రిజిస్ట్రేషన్ పత్రం మొదలు అడిగిన ప్రతి కాగితం పంపినా ఇంకా తేల్చలేదు. చేరే ముందే పాలసీలో ప్రసూతికి ఎంత పరిమితి ఉంది, ఎంతకాలం వేచి ఉండాలి, మీరు ఎంచుకున్న కేంద్రాన్ని ఆసుపత్రిగా లెక్కిస్తారా అనే మూడు ప్రశ్నలకు కంపెనీ నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.

మూడో రోజున మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చింది. పిల్ల రొమ్ము పట్టడం సరిగా లేదని, చనుమొన మాత్రమే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళేలా పిల్లను ఎలా ఎత్తుకోవాలో చూపించి, ముప్పావుగంట కూర్చుంది. నేను చేసిన బాలింత కాయం రుచి చూసి బాగుందంది. బాలింతకు నీళ్ళు తగ్గించి ఇవ్వడం మాత్రం వద్దని, దాహం వేసినంతా తాగనివ్వమని చెప్పింది. ఆ విషయంలో మా అమ్మ నాకు చెప్పింది నేను మా అమ్మాయికి చెప్పలేకపోయాను. ప్యాకేజీలో రెండో సందర్శన ఆరో వారంలో అని ఉంది. దాని తేదీ కోసం మాత్రం మేమే మూడుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది.